నూటయాభై ఏళ్ళ "కొత్త" ఆట

2002 జూన్ 21, శుక్రవారం. న్యూజెర్సీలో మా ఆఫీసు కాన్ఫరెన్స్ రూములో పొద్దున్న ఏడున్నరకే పదిమందిమి చేరాం. ఏ ప్రొడక్షన్ సర్వరో పడిపోయి కాదు, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ కోసం. కొరియాలో అమెరికాకీ జర్మనీకీ మ్యాచి. మాలో సగం మంది మన దేశం వాళ్ళం, ఇద్దరు బ్రెజిల్ వాళ్ళు, మిగిలిన ముగ్గురూ అమెరికన్లు. ఆ ముగ్గురికీ ఆట గురించి చెప్పే పని, ఎందుకో తెలీదు గానీ, నా నెత్తిన పడింది.

మా టీములో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, కోబాల్ కాలం మనిషి. ఆయన మొదటి ప్రశ్న: "గడియారం ముందుకి నడుస్తోందేంటి?" వాళ్ళ ఆటల్లో గడియారం సున్నాకి దిగుతుంది కదా, పాపం. రెండో ప్రశ్న: "తొంభై నిమిషాలు అయిపోయాక కూడా ఆడతారా? ఎప్పుడు ఆపుతారో ఎవరికి తెలుసు?" రిఫరీకి తెలుసు అన్నాను. కమిట్ లేని డేటాబేసు గురించి విన్నట్టు మొహం పెట్టాడు. ఇక ఆఫ్‌సైడ్. టేబుల్ మీదున్న డోనట్లు డిఫెండర్లు, కాఫీ కప్పు స్ట్రైకర్ అని మొదలుపెట్టాను. నేను చెప్పడం పూర్తయ్యేలోపు ఆఖరి డిఫెండర్ని ఎవరో తినేశారు.

రెండో సగంలో అమెరికా వాళ్ళు కొట్టిన బంతి గోలు గీత దగ్గర జర్మన్ ఆటగాడి చేతికి తగిలింది. రిఫరీ విజిల్ ఊదలేదు. "రీప్లే చూసి చెప్పొచ్చుగా?" అన్నాడు పెద్దాయన. అప్పట్లో చూసేవాళ్ళు కాదు. ప్రపంచకప్‌కి వీడియో రిఫరీ వచ్చింది 2018లో. అమెరికా 0-1తో ఓడిపోయింది. లేస్తూ ఆయన ఓ మాటన్నాడు: "బావుంది గానీ, ఇది మా ఆట కాదు. మాకు కొత్త."

నేనూ తలూపాను. నాకేం తెలుసు అప్పటికి? తర్వాత చదువుతుంటే తెలిసింది, మేం డోనట్లు తింటూ కూర్చున్న ఆ న్యూజెర్సీలోనే ఈ ఆటకి నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉందని. అమెరికాకి సాకర్‌ని ఇప్పటికి కనీసం అరడజను సార్లు "పరిచయం" చేశారు. ప్రతిసారీ కొత్తే. అలా ఎందుకైందన్నదే అసలు కథ.

ముందు పేరు సంగతి. సాకర్ అనేది అమెరికా వాళ్ళు కనిపెట్టిన మాట అని మనలో చాలామందికి ఓ చిన్నచూపు. అది అచ్చంగా ఇంగ్లండు మాట. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టి, చేతులతో బంతి పట్టుకోకూడదనే ఆటని రగ్బీ నుంచి విడదీశారు. అప్పట్నుంచీ ఇది "అసోసియేషన్ ఫుట్‌బాల్". ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళకి ప్రతిమాటనీ కత్తిరించి చివర "అర్" తగిలించే సరదా ఉండేది. రగ్బీ రగ్గర్ అయింది, అసోసియేషన్ సాకర్ అయింది. ఆ తర్వాత ఇంగ్లండు వాళ్ళే ఆ మాటని వదిలేసి, ఇప్పుడు అమెరికా వాళ్ళని వెక్కిరిస్తారు.

ఇక న్యూజెర్సీ. ఎడిసన్‌లో, పిస్కాటవేలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. రట్గర్స్‌లో ఎమ్మెస్ చేసినవాళ్ళూ తక్కువేం కాదు. న్యూ బ్రన్స్‌విక్‌లో కాలేజ్ అవెన్యూ జిమ్ పక్కనుంచి ఎన్నోసార్లు నడిచే ఉంటారు. 1869 నవంబరు 6న ఆ స్థలంలోనే రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు పోటీ పడ్డాయి. ఒక్కో జట్టుకి పాతికమంది. రట్గర్స్ 6-4తో గెలిచింది. అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్ళు దీన్ని తమ మొట్టమొదటి కాలేజీ మ్యాచి అని చెప్పుకుంటారు. తమాషా ఏంటంటే ఆ రోజు ఆడిన రూల్స్ లండన్ అసోసియేషన్ రూల్స్‌కి దగ్గరివి. బంతిని పట్టుకుని పరిగెత్తకూడదు, విసరకూడదు. ఈ రోజు ఎవరైనా చూస్తే అది సాకర్‌కి చుట్టమనే అంటారు తప్ప సూపర్ బౌల్‌కి తాత అనుకోరు.

మరి దారి ఎక్కడ మళ్ళింది? హార్వర్డ్ దగ్గర. బంతి చేత్తో తీసుకుని పరిగెత్తే ఆట వాళ్ళకి అలవాటు. 1873లో యేల్, ప్రిన్స్‌టన్, రట్గర్స్, కొలంబియా కలిసి ఉమ్మడి రూల్స్ రాసుకుందాం రమ్మంటే హార్వర్డ్ రానంది. మర్నాడు ఏడాది కెనడా నుంచి మెక్‌గిల్ యూనివర్సిటీని పిలిపించుకుని వాళ్ళతో రగ్బీ ఆడింది. 1876కల్లా మిగతా పెద్ద కాలేజీలూ హార్వర్డ్ వెనకే వెళ్ళాయి. యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్ 1880ల్లో దానికి మరిన్ని మార్పులు చేసి ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్‌కి రూపం ఇచ్చాడు. మన భాషలో చెప్పాలంటే హార్వర్డ్ ఫోర్క్ చేసింది, ఫోర్కే మెయిన్ బ్రాంచి అయి కూర్చుంది. ఆ దేశంలో చదువుకున్నవాళ్ళూ డబ్బున్నవాళ్ళూ పేపర్లు నడిపేవాళ్ళూ అటు వెళ్ళిపోయారు.

సాకర్ మాత్రం చచ్చిపోలేదు. మిల్లుల్లోకి వెళ్ళింది. నెవార్క్ పక్కన కెర్నీ అని ఓ ఊరుంది. అక్కడి దారం మిల్లుల్లో పనికి స్కాట్లండు నుంచి కార్మికులు వచ్చారు, వస్తూ వస్తూ ఆట తెచ్చుకున్నారు. 1885లో అమెరికన్ కప్ మొదటిసారి గెలిచింది అక్కడి క్లార్క్ దారం మిల్లు జట్టే. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ బట్టల మిల్లులు, పెన్సిల్వేనియాలో బెత్లెహం ఉక్కు ఫ్యాక్టరీ, ఎక్కడ కార్మికుడుంటే అక్కడ ఆట. 1921లో అమెరికన్ సాకర్ లీగ్ మొదలైంది. మిల్లులో ఉద్యోగం, పైన ఆటకి జీతం. ఆ రెండూ చూసి స్కాట్లండు పెద్ద క్లబ్బుల్లో ఆడేవాళ్ళు ఓడెక్కి వచ్చేసేవాళ్ళు. ఈ హెచ్ వన్ కథ మనతోనే మొదలైందనుకుంటాం గానీ, వాళ్ళు మనకంటే ఎనభై ఏళ్ళు సీనియర్లు.

ఆ బలంతోనే 1930లో ఉరుగ్వేలో జరిగిన మొట్టమొదటి ప్రపంచకప్‌లో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్ళింది. బెల్జియంని 3-0తో, పరాగ్వేని 3-0తో కొట్టింది. పరాగ్వే మీద ఆ మూడు గోల్సూ ఫాల్ రివర్ కుర్రాడు బెర్ట్ పేటనోడ్‌వి. ప్రపంచకప్‌లో మొట్టమొదటి హ్యాట్రిక్ అదేనని ఫీఫా ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటింది.

మరి అంత బలమున్న లీగు ఏమైంది? కప్పు మ్యాచులు ఎప్పుడు ఆడాలన్న దాని మీద 1928లో లీగుకీ సాకర్ సంఘానికీ గొడవ వచ్చింది. ఒకళ్ళని ఒకళ్ళు వెలివేసుకున్నారు, పోటీ లీగులు పెట్టుకున్నారు. ఈలోగా 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. మిల్లులు మూతపడ్డాయి, మిల్లుల మీద బతికే జట్లూ పోయాయి. 1933కి లీగు అయిపోయింది. ఆట మళ్ళీ వలస వచ్చినవాళ్ళ పేటల్లో ఆదివారం సాయంత్రాలకి పరిమితమైంది. అంటే అమెరికాలో సాకర్ లేక కాదు. ఎవరు ఆడుతున్నారో వాళ్ళు లెక్కలో లేరు.

ఈ మాటకి 1950 కంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ ఏడాది బ్రెజిల్ ప్రపంచకప్‌కి మన దేశానికీ అవకాశం వచ్చింది, మనం వెళ్ళలేదు. అమెరికా వెళ్ళింది. జూన్ 29న బెలో హొరిజాంటెలో ఇంగ్లండుని 1-0తో ఓడించింది! గోల్ కీపర్ ఫ్రాంక్ బోర్గీ శవాల బండి నడిపేవాడు. డిఫెండర్ హ్యారీ కియో పోస్ట్‌మాన్. వాల్టర్ బార్ స్కూల్లో మాస్టారు. ఆయన కొట్టిన బంతిని తలతో తాకించి గోలు చేసినవాడు జో గేజెన్స్. హైతీ నుంచి చదువుకోడానికి న్యూయార్క్ వచ్చి, ఓ హోటల్లో అంట్లు తోముతూ ఆడేవాడు. అక్కడున్న అమెరికా విలేకరి ఒకే ఒక్కడు, డెంట్ మెక్‌స్కిమింగ్. ఆయన కూడా సెలవు పెట్టుకుని సొంత డబ్బుతో వెళ్ళాడు. జట్టు తిరిగొచ్చాక పలకరించిన నాథుడు లేడు. గేజెన్స్ తర్వాత హైతీ వెళ్ళిపోయాడు. 1964లో డువాలియర్ మనుషులు పట్టుకెళ్ళారు, మళ్ళీ కనిపించలేదు.

ఇక్కణ్ణుంచి వ్యాపారస్తుల పరిచయాలు మొదలు. 1966 ప్రపంచకప్ ఫైనల్ అమెరికా టీవీలో చూపిస్తే జనం బాగానే చూశారు. వెంటనే 1967లో ఒకటి కాదు, రెండు లీగులు పుట్టాయి. ఒక లీగుకి ఆటగాళ్ళని వెతుక్కునే టైము లేక, విదేశీ క్లబ్బుల్ని మొత్తంగా అద్దెకి తెచ్చింది. ఇంగ్లండు వుల్వర్‌హాంప్టన్ జట్టు లాస్ ఏంజెలెస్ వుల్వ్స్ అయింది, స్కాట్లండు డండీ యునైటెడ్ డాలస్ టొర్నాడో అయింది. చొక్కా మార్చి ఊరి పేరు పెడితే ఊరివాళ్ళు వచ్చేస్తారని లెక్క. రాలేదు. రెండో లీగుకి టీవీ ఒప్పందం ఉంది గానీ ఆటలో యాడ్స్‌కి ఖాళీ లేదు. అందుకని యాడ్ టైము వచ్చినప్పుడల్లా రిఫరీ ఫౌల్ పేరుతో ఆట ఆపేవాడని బయటపడింది.

ఆ రెండూ కలిసి 1968లో నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ అయ్యాయి. ఇక్కడే అసలు "కస్టమైజేషన్" చూడాలి. అమెరికన్‌కి డ్రా నచ్చదు, తీసెయ్. బదులుగా 35 గజాల దూరం నుంచి ఆటగాడు ఒక్కడే బంతితో వచ్చి అయిదు సెకన్లలో కీపర్ మీద గోలు కొట్టాలి. గోల్స్ తక్కువంటున్నాడా, ఆఫ్‌సైడ్ గీతని మధ్యనుంచి 35 గజాలకి జరుపు. గెలుపుకి ఆరు పాయింట్లు, కొట్టిన గోల్స్‌కి బోనస్ పాయింట్లు. క్లయింటు అడిగినవీ అడగనివీ అన్నీ పెట్టేశారు.

1975లో న్యూయార్క్ కాస్మోస్ పెలేని తీసుకొచ్చింది. అప్పటికి ఆయనకి 34 ఏళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి, 1977 ఆగస్టు 14న, న్యూజెర్సీలో జెయింట్స్ స్టేడియానికి 77,691 మంది వచ్చారు. ఇంక సాకర్ వచ్చేసినట్టే అనుకున్నారంతా.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. అదే ఏడాది సెప్టెంబరు 24న కాస్మోస్‌తో కలిసి పెలే కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడాడు. 2-2 డ్రా. సరిగ్గా వారానికి, అక్టోబరు 1న, జెయింట్స్ స్టేడియంలో ఆయన వీడ్కోలు మ్యాచి. ఆ రెండు స్టేడియాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు విషయం అర్థమవుతుంది. కలకత్తాకి పెలే చుట్టం. ఆయన వచ్చినా వెళ్ళినా మోహన్ బగాన్ 1889 నుంచి ఉంది, మర్నాడు కూడా ఉంటుంది. న్యూయార్క్‌కి పెలేనే పునాది. పునాది రిటైరైతే ఇల్లేం నిలుస్తుంది? 1978లో 24 జట్లకి ఎగబాకిన లీగు, 1984 సీజనుతో ఆగిపోయింది.

ఇంత హడావిడిలో ఎవరూ పట్టించుకోని రెండు పనులు మాత్రం నిశ్శబ్దంగా జరిగిపోయాయి. 1964లో కాలిఫోర్నియా టొరెన్స్‌లో కొందరు పెద్దలు పిల్లల సాకర్ సంఘం పెట్టారు. దానికో రూలు: అందరూ ఆడాలి. ఎంత ఆటరాని పిల్లాడైనా ప్రతి మ్యాచిలో సగం సేపైనా మైదానంలో ఉండాలి. పొడుగు లేకపోతే బాస్కెట్‌బాల్ కష్టం, బరువు లేకపోతే ఫుట్‌బాల్ కష్టం. దీనికి ఓ బంతి, కాస్త గడ్డి చాలు. 1996 ఎన్నికలొచ్చేసరికి "సాకర్ మామ్" అంటే ఓ ఓటుబ్యాంకు పేరైపోయింది.

రెండోది 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం. అందులో ఆటల ఊసే లేదు. ప్రభుత్వం డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపించకూడదు, అంతే. కానీ కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టే వందమంది దాకా మగపిల్లల్ని పెట్టుకుంటుంది. సమానం చెయ్యాలంటే అమ్మాయిలకి ఎక్కువమంది పట్టే ఆట, ఖర్చు తక్కువ ఆట కావాలి. సాకర్ దొరికింది. అదే కాలంలో "ఆట పుట్టిన" దేశాలు ఏం చేశాయో తెలుసా? ఇంగ్లండు అసోసియేషన్ 1921లో ఆడవాళ్ళని తన మైదానాల్లోకి రానివ్వద్దంది, ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డు. అమెరికాకి అలాంటి పాత కోడు లేదు. ఈ ఆట మగాళ్ళదని ఎవరూ చెప్పిపెట్టలేదు కాబట్టి అమ్మాయిలు ఆడేశారు. 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచకప్ అమెరికాదే. 1999 జూలై 10న రోజ్ బౌల్‌లో చైనాతో ఫైనల్‌కి 90,185 మంది వచ్చారు. 2015లో, 2019లో మళ్ళీ గెలిచారు. మగవాళ్ళ జట్టుతో సమానంగా డబ్బివ్వమని కోర్టుకెళ్ళి, 2022లో అదీ సాధించారు.

1988 జూలై 4న, సరిగ్గా వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు, ఫీఫా 1994 ప్రపంచకప్‌ని అమెరికాకిచ్చింది. సొంత లీగు లేని దేశానికా అని ప్రపంచమంతా నవ్వింది. మిషిగన్‌లో కప్పున్న స్టేడియంలోకి గడ్డిని ట్రేల్లో పెంచి తెచ్చి పరిచారు. 52 మ్యాచులకి 35 లక్షల 87 వేల మంది వచ్చారు, సగటున దాదాపు 69 వేలు. తర్వాత మ్యాచులు 64కి పెంచినా 2022 దాకా ఏ ప్రపంచకప్పూ ఆ లెక్క దాటలేదు. ఆ ఏడాది అమెరికా జట్టులో ముగ్గురు, హార్క్స్, మియోలా, రామోస్, ఎక్కడివాళ్ళనుకున్నారు? దారం మిల్లుల కెర్నీ, దాని పక్కనున్న హారిసన్. నూరేళ్ళ క్రితం స్కాట్లండు కార్మికులు వేసిన విత్తనం అది.

1996 ఏప్రిల్ 6న మేజర్ లీగ్ సాకర్ మొదలైంది, పది జట్లతో. పాఠం నేర్చుకున్నారా? ఎక్కడ! మళ్ళీ 35 గజాల షూటౌట్, మళ్ళీ సున్నాకి దిగే గడియారం. కొత్త జనం రాలేదు సరికదా, ఆట తెలిసినవాళ్ళు చూసి నవ్వుకున్నారు. 1999 సీజను తర్వాత రెండూ తీసేశారు. 2001 తర్వాత ఫ్లోరిడా జట్లు రెండూ మూసేశారు. ఒక దశలో పది జట్లలో ఆరింటికి ఒకే యజమాని. మేం కాన్ఫరెన్స్ రూములో చూసిన 2002 నాటికి లీగు పరిస్థితి అదీ. అయినా మూసెయ్యలేదు. 1999లో కొలంబస్‌లో మొదలుపెట్టి ఊరూరా సాకర్ కోసమే సొంత స్టేడియాలు కట్టుకుంటూ పోయారు. బెక్‌హాం 2007లో, మెస్సీ 2023లో వచ్చారు. కానీ వాళ్ళు వచ్చేసరికి ఇల్లుంది. 2025కి జట్లు ముప్ఫై.

అమెరికాని వెక్కిరించడానికి ఇదంతా రాయడం లేదు. మాది హైదరాబాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది మా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా మాస్టారు. ఆయన కోచింగులో మన దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ రోజుల్లో దేశం జట్టంటే సగం మా ఊరి గల్లీలే అనిపించేది. 1963లో రహీం సాబ్ పోయారు. 1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మొహం చూడలేదు. మా తరంలో హైదరాబాద్ కుర్రాణ్ణి ఎవర్ని అడిగినా ఆరోజు మా పెద్దాయన అన్నమాటే అంటాడు: "ఫుట్‌బాల్ మన ఆట కాదు". 2019లో హైదరాబాద్ పేరుతో ఓ క్లబ్బు వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. 2025లో మూటా ముల్లే సర్దుకుని పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. డాలస్ టొర్నాడో గుర్తొచ్చిందా?

పైనుంచి తెచ్చి అతికించిన పేరు, పైనున్నవాడి చేతిలోనే ఉంటుంది. పేటలో పిల్లలు ఆడే ఆటని ఎవరూ సర్దుకుపోలేరు. అమెరికా వాళ్ళకి ఇది తెలియడానికి నూటయాభై ఏళ్ళు, బోలెడు డాలర్లు పట్టాయి. మనకి తెలిసిన విషయాన్ని మర్చిపోడానికి ఒక్క తరం చాలింది. మా చిన్నప్పుడు ఆడిన ఖాళీ స్థలాల్లో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. వాటిల్లో కొన్ని ఫ్లాట్లు మనవే.

2026 ప్రపంచకప్ ఫైనల్‌కి ఎంచుకున్న మెట్‌లైఫ్ స్టేడియం, పెలే వీడ్కోలు తీసుకున్న పాత జెయింట్స్ స్టేడియం పక్కనే కట్టారు. కెర్నీ అక్కడికి దగ్గర్లోనే. మా పెద్దాయన రిటైరై చాలా కాలమైంది. ఆమధ్య కలిసినప్పుడు, శనివారం పొద్దున్న మనవరాలి మ్యాచి ఉంది రమ్మన్నాడు. వెళ్ళాను. ఎవరో కొత్తగా వచ్చిన తల్లి పక్కన కూర్చుని అడిగింది, గోలు ఎందుకివ్వలేదని. నేను నోరు తెరిచేలోపే ఆయన కాఫీ కప్పు గడ్డి మీద పెట్టి, "ఇది మీ అమ్మాయి అనుకోండి" అని మొదలుపెట్టేశాడు.

ఈసారి డిఫెండర్లని ఎవరూ తినలేదు.